అరగంట ఎవరి ఖాతాలో?

1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 55వ సెక్షన్ చాలా చిన్నది. వరసగా ఐదు గంటలకి మించి ఎవరిచేతా పని చేయించకూడదు, ఆ లోపు కనీసం అరగంట విరామం ఇవ్వాలి. దాని సారాంశం అంతే. చదవడానికి అర నిమిషం పట్టదు. ఆ అరగంట చట్టంలోకి రావడానికి మాత్రం అరవై డెబ్బై ఏళ్ళు పట్టింది. వచ్చాక అది నిజంగా ఎవరికి దొరికింది, ఎవరి లెక్కలో రాసుకున్నారు అన్న తగువు ఇంకా తెగలేదు.

నా ఉద్యోగం హాజరు సాఫ్ట్‌వేర్లతో. ఎవరు ఎప్పుడు వేలిముద్ర వేశారు, ఎప్పుడు బయటికెళ్ళారు, భోజనానికి ఎంతసేపు తీసుకున్నారు, ఇవన్నీ జీతం లెక్కలోకి ఎలా ఎక్కాలి అన్నది నేను రోజూ చూసే పని. పుట్టి పెరిగింది మండపేట. ధాన్యం, తవుడు, ఊక, లారీలు. మిల్లుల ఊరు. అందుకే "విరామ నిబంధనల అమలు" అని కంప్యూటర్ తెర మీద ఓ మెనూ కనపడినప్పుడల్లా నాకు ఆఫీసు క్యాంటీన్ కంటే ముందు మిల్లు గోడలే గుర్తొస్తాయి. ఈ మెనూకి ఒక చరిత్ర ఉంది. అది కాలిఫోర్నియాలో మొదలవలేదు, హైదరాబాదు హైటెక్ సిటీలో అసలే కాదు.

చుట్ట కాలేంత సేపు

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ నీళ్ళతో డెల్టా అంతా వరి చేనుగా మారింది. ఊడ్పులు, కోతలు, నూర్పులు, ఇవన్నీ జనం గుంపులుగా చేసే పనులు. గుంపుగా చేసే పనికి గుంపుగా ఆగే వేళ కూడా కావాలి. గడియారం లేని చోట ఆ వేళని దేనితో కొలిచారు? బారెడు పొద్దెక్కడం, నీడ కాళ్ళ కిందకి రావడం, చద్దన్నం మూట విప్పడం. మగవాళ్ళకైతే చుట్ట కాలేంత సేపు. గోదావరి లంకల్లో పండే పొగాకుతో చుట్టిన చుట్ట ఒక్కటి కాల్చే సమయం అంటే అందరికీ అర్థమయ్యే కొలత. మన పాత కొలతల్లో గడియ ఉంది, ఇరవై నాలుగు నిమిషాలు. ఈ ఇరవై నాలుగుని కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆ కాలం స్వర్ణయుగం అనడం నా ఉద్దేశం కాదు. ఏడాదికి కుదిరిన పాలేరుకి పని వేళలంటూ ఏముంటాయి? తెల్లారకముందు పశువుల కొట్టంలో మొదలై, రాత్రి పశువులు నెమరేసేదాకా అతని రోజే. అలుపు తీర్చుకోవడం ఆసామి దయ. ఆ దయ కులాన్ని బట్టి కూడా మారేది. మరి గడియారం చేసిన మార్పు ఏమిటి? విరామాన్ని అది కొత్తగా కనిపెట్టలేదు. దానికి నిమిషాలు కట్టింది. నిమిషాలు కట్టాక అడగడమూ కుదురుతుంది, ఎగ్గొట్టడమూ కుదురుతుంది.

పొలంలో ఒకరు కూర్చుంటే పక్కవాళ్ళ వరస కాస్త వెనకబడుతుంది, అంతే. మిల్లులో బెల్టు తిరుగుతుంటే ఒకరు పక్కకి వెళ్ళడం వేరే సంగతి. ఉప్పుడు బియ్యం సంగతి చూడండి. ధాన్యం నానబెట్టాలి, ఆవిరి పట్టాలి, ఆరబెట్టాలి, ఆ తర్వాతే మర పట్టాలి. నానిన ధాన్యం మన భోజనం కోసం ఆగదు, పులిసిపోతుంది. బాయిలర్‌లో ఊక ఎగదోసే మనిషి లేచి వెళ్ళిపోతే ఆవిరి పడిపోతుంది. యంత్రానికి ఆకలి వేళలు లేవు కాబట్టి, మనిషికి ఉన్నాయని ఎవరో ఒకరు కాగితం మీద రాయాల్సి వచ్చింది.

బొంబాయి అరగంట, మద్రాసు అరగంట

ఆ రాత మొదట పిల్లల కోసం మొదలైంది. 1881 చట్టం ఏడు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి రోజుకి తొమ్మిది గంటలే పని అంది, అందులో గంట విశ్రాంతి ఉండాలంది. పెద్దవాళ్ళ గురించి ఒక్క మాట లేదు. పెద్దవాళ్ళు తమ మంచి చెడ్డలు తామే బేరమాడుకోగలరని అప్పటి ప్రభుత్వం అనుకుంది.

1884లో బొంబాయిలో నారాయణ్ మేఘాజీ లోఖండే మిల్లు కార్మికుల్ని కూడగట్టాడు. ఫూలే సత్యశోధక ఉద్యమంలో మనిషి, 'దీనబంధు' పత్రిక నడిపినవాడు. ఐదు వేల అయిదు వందల మంది పేర్లతో ఒక అర్జీ తయారైంది. అందులో అడిగినవి చూడండి: ఆదివారం సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం, పని పొద్దున ఆరున్నరకి మొదలై పొద్దుగూకేటప్పటికి ఆగిపోవడం, జీతం తర్వాతి నెల పదిహేనులోగా ఇవ్వడం, గాయపడ్డవాళ్ళకి బాగయ్యేదాకా జీతం. అంటే అప్పటిదాకా ఆదివారమూ లేదు, అరగంటా లేదు. ఏడేళ్ళకి 1891 చట్టం వచ్చింది. మధ్యాహ్నం పన్నెండుకీ రెండుకీ మధ్య అరగంట పని ఆపాలని అందులో చేరింది. మనకి పోటీగా బొంబాయి మిల్లులు ఎదుగుతున్నాయే అని లాంకషైర్ యజమానులు పెట్టిన ఒత్తిడి కూడా దీని వెనక ఉంది. కార్మికుడి కడుపు మీద ప్రేమతోనే చట్టాలు పుడతాయనుకునే అమాయకత్వం మనకి అక్కర్లేదు. ప్రేమ లేకుండా పుట్టిన చట్టం కూడా ఆకలి తీర్చగలదు.

ఆ తర్వాత ఒక ముచ్చటైన వాదం బయల్దేరింది. మన కార్మికులు పని మధ్యలో బీడీ తాగడానికనీ, నీళ్ళకనీ, ఊరికేననీ బయట తిరుగుతుంటారు, వాళ్ళే విరామాలు తీసేసుకుంటున్నారు, కనక రోజు పొడుగ్గా ఉన్నా ఫరవాలేదు అని మిల్లు యజమానులు అన్నారు. ఆ కార్మికుడి వైపు నుంచి చూస్తే వరస తిరగబడుతుంది: రోజు అంత పొడుగ్గా ఉంది కాబట్టే అతను బయటికి వచ్చి నిలబడుతున్నాడు. 1907-08లో ఫ్యాక్టరీ కార్మికుల మీద వేసిన కమిషన్‌లో మద్రాసు నుంచి డాక్టర్ టి.ఎం. నాయర్ ఉన్నాడు, తర్వాత జస్టిస్ పార్టీ పెట్టినవాళ్ళలో ఒకడు. పెద్దవాళ్ళ పని గంటల మీద కూడా చట్టం నేరుగా హద్దు పెట్టాలని, మిగతా సభ్యులతో విభేదించి విడిగా రాశాడు. 1911లో బట్టల మిల్లుల వరకూ మగవాళ్ళకి పన్నెండు గంటల హద్దు వచ్చింది.

1918 ఏప్రిల్‌లో మద్రాసు పెరంబూరులో మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. బకింగ్‌హామ్, కర్ణాటిక్ మిల్లుల కార్మికుల సంఘం. జి. రామానుజులు నాయుడు, జి. సెల్వపతి చెట్టి అనే ఇద్దరు అక్కడి వ్యాపారులు కార్మికుల కష్టాలు చూడలేక, 'న్యూ ఇండియా' పత్రికలో పనిచేస్తున్న బి.పి. వాడియాని పట్టుకొచ్చారు. కార్మికులు ముందు చెప్పుకున్న బాధల్లో ఒకటి మధ్యాహ్నం విరామం చాలడం లేదన్నది. అరగంట చట్టంలో ఉంది, నిజమే. చేతులు కడుక్కుని, గుంపులోంచి బయటపడి, ఎండలో కూర్చుని తిని, మళ్ళీ గేటులోకి వచ్చేసరికి అరగంటలో తినడానికి మిగిలేది ఎంత? మన దేశంలో పద్ధతి ప్రకారం ఏర్పడిన తొలి కార్మిక సంఘాల్లో ఒకటి మొదట మాట్లాడిన విషయాల్లో భోజన విరామం ఉంది. అప్పుడు గోదావరి జిల్లాలు కూడా ఆ మద్రాసు రాష్ట్రంలోవే. ఆ నిబంధనల నీడలోనే మన డెల్టా మిల్లులూ ఎదిగాయి.

నూరు, యాభై, ఇరవై, పది

ఎదిగాయి కానీ, నీడ అన్నిటి మీదా పడలేదు. ఫ్యాక్టరీ అంటే ఏమిటి అన్న ప్రశ్నకి చట్టం ఎప్పుడూ తలలు లెక్కపెట్టి జవాబు చెప్పింది. 1881లో నూరు మంది ఉండాలి. 1891లో యాభై. 1922లో ఇరవై. 1948లో, కరెంటు వాడే చోట పది. ఈ అంకెల్ని బొంబాయి బట్టల మిల్లు పక్కన పెడితే తేడా తెలియదు, అక్కడ వేలమంది ఉంటారు. మండపేటలాంటి ఊళ్ళో బియ్యం మిల్లు పక్కన పెట్టి చూడండి. లోపల మర దగ్గర నలుగురైదుగురు, బాయిలర్ దగ్గర ఇద్దరు, బస్తాలు మోసే జట్టు ఒకటి. మిల్లు ఫ్యాక్టరీ అవునా కాదా అన్నది ఆ పది దగ్గర తేలుతుంది. జట్టువాళ్ళు మా మనుషులు కాదు, మేస్త్రి మనుషులు అంటే తలలు తగ్గుతాయి. 1976లో చట్టాన్ని సవరించి, కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాళ్ళూ కార్మికులేనని రాశారు. అలా రాయాల్సి వచ్చిందంటేనే ఆ మాట అంతకుముందు ఎంతగా వాడుకలో ఉండేదో తెలుస్తుంది.

జట్టు సంగతి ఇంకో రకంగా కూడా ఆసక్తికరం. ముఠా కార్మికుడికి కూలి బస్తా లెక్కన వస్తుంది. లారీ వచ్చింది, ఎత్తారు, లెక్క కట్టారు. మళ్ళీ లారీ వచ్చేదాకా బస్తాల నీడలో నడుం వాలుస్తారు. చూసేవాడికి బోలెడంత విరామం. అతను విశ్రాంతి తీసుకుంటున్నాడా, పని కోసం కాచుక్కూర్చున్నాడా? వరసగా మూడు లారీలు వచ్చిన రోజు విరామం ఎక్కడ? ఆ రోజు ఆగితే పోయేది అతని కూలే కనక యజమాని ఆపక్కర్లేదు, అతనే ఆగడు. గంట లెక్కన జీతమిచ్చేవాడు విరామాన్ని ఎగ్గొట్టాలంటే ఏదో ఒకటి చేయాలి. బస్తా లెక్కన ఇచ్చేవాడు ఏమీ చేయక్కర్లేదు. 55వ సెక్షన్ గంటల లెక్కనీ బస్తాల లెక్కనీ విడదీయలేదు, విరామం ఇద్దరికీ ఇవ్వాలంది. కానీ ఆ అరగంటకి కూలి ఎవరిస్తారో చెప్పలేదు. కాలిఫోర్నియాలో 2016 నుంచి, ముక్కల లెక్కన పనిచేసేవాళ్ళకి పది నిమిషాల విరామాలకి కూడా విడిగా కూలి కట్టాలని చట్టం ఉంది. ఆ ఆలోచన మన ధాన్యం గోడౌన్ల దాకా రాలేదు.

అన్నట్టు, మన బొండాలు తినే కేరళ ఒక పని చేసింది. అక్కడ జయ అని అమ్మే ఉప్పుడు బియ్యంలో చాలా భాగం గోదావరి జిల్లాల మిల్లుల నుంచి వెళ్తుంది. 2018లో ఆ రాష్ట్రం దుకాణాల చట్టాన్ని సవరించి, బట్టల షాపుల్లో రోజంతా నిలబడే అమ్మాయిలకి కూర్చునే హక్కు రాసింది. కూర్చోవడానికి చట్టం కావాలా అని మనకి నవ్వు రావచ్చు. పండగ సీజన్లో మన ఊరి బట్టల షాపుకి వెళ్ళి, రాత్రి తొమ్మిదింటికి చీరలు మడతపెడుతున్న అమ్మాయి కాళ్ళ వైపు చూస్తే ఆ నవ్వు ఆగిపోతుంది.

గోడ మీది సాఫ్ట్‌వేర్

విరామాన్ని అమలు చేయడం ఎలా? 1948 చట్టం దీనికి మూడు వస్తువులు కనిపెట్టింది. ఒకటి, 61వ సెక్షన్ చెప్పిన పనివేళల నోటీసు. ఎప్పుడు పని మొదలు, ఎప్పుడు విరామం, ఎప్పుడు ముగింపు అన్నది ముందుగానే రాసి గోడకి పెట్టాలి. ఇంగ్లీషుతో పాటు ఎక్కువమంది కార్మికులకి తెలిసిన భాషలోనూ ఉండాలి. రెండు, 62వ సెక్షన్ రిజిస్టరు. ఎవరు ఏ బృందంలో, ఏ షిఫ్టులో ఉన్నారో అందులో ఉండాలి. మూడు, 63వ సెక్షన్: ఈ రెండిటికీ భిన్నంగా ఎవరిచేతా పని చేయించకూడదు. అంటే ముందే వేసిన ప్రణాళిక ఒకటి, పేర్ల జాబితా ఒకటి, రెండూ సరిపోతున్నాయా అని చూసే నిబంధన ఒకటి. నేను రోజూ ముట్టుకునే సాఫ్ట్‌వేర్‌లో ఉన్నది కూడా ఇంతకంటే ఎక్కువేం కాదు. గోడ పోయి తెర వచ్చింది.

వీటికి తోడు 103వ సెక్షన్ ఒకటుంది, నాకు చాలా ఇష్టం. యంత్రం తిరుగుతుండగానో పని నడుస్తుండగానో ఫ్యాక్టరీలో ఒక మనిషి కనపడితే, కాదని రుజువయ్యేదాకా అతను అప్పుడు పనిలో ఉన్నట్టే లెక్క. మినహాయింపు భోజన, విశ్రాంతి వేళలకే. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు "వాడు మావాడు కాదండీ, ఊరికే చూసి పోదామని వచ్చాడు" అనే పాత పాటకి అడ్డుకట్ట అది. పని చేయించలేదని నిరూపించే బరువు యజమాని మీద పెట్టింది.

గోడ నోటీసు చెప్పేది ఏం జరగాలో. ఏం జరిగిందో చెప్పడానికి ఇంకో యంత్రం కావాలి. 1888లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్‌లో విల్లర్డ్ బండీ అనే నగల వ్యాపారి హాజరు గడియారం తయారుచేశాడు. ప్రతి కార్మికుడికీ అంకె వేసిన తాళంచెవి. దాన్ని గడియారంలో తిప్పితే వచ్చిన సమయం కాగితం మీద పడుతుంది. ఆ కంపెనీ వేరే కంపెనీల్లో కలిసి, 1911లో పెద్ద సంస్థ అయి, 1924లో ఐబీఎం అని పేరు మార్చుకుంది. మన ఊరి పిల్లలు ఇంజినీరింగ్ చదివి ఉద్యోగాల కోసం ఎదురుచూసే కంపెనీల వంశవృక్షంలో, కార్మికుడు ఎప్పుడొచ్చాడో రాసిపెట్టే ఆ గడియారం ఉంది.

గడియారం నిమిషాలు రాస్తుంది. ఆ నిమిషాల్ని చేత్తో కూడి జీతం కట్టే గుమాస్తాకి తలనొప్పి. అందుకని దగ్గరి పావుగంటకో, ఐదు నిమిషాలకో సరిచేసుకునే అలవాటు వచ్చింది. అమెరికా కేంద్ర నిబంధనలు దాన్ని ఒప్పుకున్నాయి, ఒకరోజు అటు ఒకరోజు ఇటు పోయి చివరికి సరిపోతుందన్న నమ్మకంతో.

ఇరవై మూడు నిమిషాలు

ఈ నమ్మకం విరామం విషయంలో ఎలా బోల్తా పడిందో ఒక కేసు చెబుతుంది. డోనోహ్యూ వర్సెస్ ఏఎంఎన్ సర్వీసెస్. 2021 ఫిబ్రవరిలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తీర్పు. నర్సుల్ని ఆసుపత్రుల్లో చేర్చే కంపెనీ. అక్కడ వాడిన హాజరు సాఫ్ట్‌వేర్ సమయాన్ని దగ్గరి పది నిమిషాలకి సరిచేసేది. ఒక ఉద్యోగి 11:02కి భోజనానికి వెళ్ళి 11:25కి తిరిగొస్తే, యంత్రం 11:00 నుంచి 11:30 అని రాసుకుంటుంది. తిన్నది ఇరవై మూడు నిమిషాలు, లెక్కలో ముప్పై. మన గడియ కంటే ఒక నిమిషం తక్కువ దొరికిన మనిషికి, చట్టం చెప్పిన అరగంటా అందినట్టు రికార్డు.

కోర్టు ఏమందంటే, జీతం లెక్కలో అటూ ఇటూ సర్దుకుపోతుందేమో గానీ, భోజన విరామంలో ఒక్క నిమిషం తగ్గినా అది తగ్గినట్టే. పైగా రికార్డులో విరామం లేనట్టో, తక్కువైనట్టో, ఆలస్యమైనట్టో కనపడితే, యజమాని తప్పు చేశాడనే ముందు అనుకోవాలి. కాదని చూపించుకోవాల్సింది యజమాని. మన 103వ సెక్షన్ ఆత్మ ఇక్కడ ఇంకో రూపంలో కనపడింది నాకు.

అదే కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో 2012 నుంచి ఇంకో ఏర్పాటు ఉంది. విరామం తక్కువైతే తెర మీద ప్రశ్న వస్తుంది: విరామం ఇచ్చారు, నేనే తీసుకోలేదు, ఇచ్చారు, నేనే తక్కువ లేక ఆలస్యంగా తీసుకున్నాను, నాకు అవకాశం ఇవ్వలేదు. మూడోది ఎంచుకుంటే, కాలిఫోర్నియా చట్టం ప్రకారం ఒక గంట జీతం అదనంగా రావాలి. బాగానే ఉంది కదా, కార్మికుడినే అడుగుతున్నారు. అడిగేది ఎవరు, ఆ జవాబు చదివేది ఎవరు అని కూడా ఆలోచించాలి. మన దగ్గర ఇలాంటి మెనూ పెడితే ఎంతమంది మూడోది నొక్కుతారు? అదే కోర్టు 2012లో బ్రింకర్ కేసులో మరో మాట చెప్పింది. యజమాని విరామం ఇవ్వాలి, పని నుంచి పూర్తిగా వదిలేయాలి, అంతే గానీ ఉద్యోగి ఆ సమయంలో పనిచేయకుండా పోలీసులా కాపలా కాయక్కర్లేదు.

ఇచ్చాడా, తీసుకున్నాడా అన్న ఈ తేడా మీదే నా ఉద్యోగంలో సగం నిబంధనలు నడుస్తాయి. విరామాన్ని అమలు చేయమంటే సాఫ్ట్‌వేర్ నాలుగు రకాలుగా చేయగలదు. అరగంట నిండేదాకా లోపలికి రానివ్వకుండా తాళం వేయడం. ఐదో గంట దగ్గర పడుతుంటే గుర్తుచేయడం. విరామం తప్పితే కారణం అడిగి రాసుకోవడం. నాలుగోది, విరామం తీసుకున్నాడో లేదో చూడకుండా రోజూ అరగంట జీతం కోసేయడం. అమెరికా ఆసుపత్రుల్లో ఈ నాలుగోది మామూలే. రోగి పక్క నుంచి కదలలేని నర్సుకి కూడా అరగంట కోత పడుతుంది, తినలేదని ఆమే చెప్పుకుంటే తప్ప. నాలుగింటినీ మెనూలో ఒకే పేరుతో పిలుస్తారు. మొదటిది కార్మికుడిని కట్టేస్తుంది. చివరిది అతని జేబు కోస్తుంది. రెండోదీ మూడోదీ కాస్త మేలు, అవి కూడా రాసింది చదివే మనిషి ఉంటేనే.

రెండు ఫోటోలు

పల్లెలోకి వద్దాం. ఉపాధి హామీ చట్టం కింద పనికి ఒక గంట విశ్రాంతితో కలిపి ఎనిమిది గంటలు లెక్క. ఆ గంటని చట్టమే రాసిచ్చింది. 2021లో మొబైల్ హాజరు యాప్ వచ్చింది, 2023 జనవరి 1 నుంచి అన్ని పనుల దగ్గరా తప్పనిసరి అయింది. మేట్ పొద్దున ఒక ఫోటో తీయాలి, నాలుగు గంటలు గడిచాక ఇంకోటి. ఎండాకాలంలో తెల్లవారుజామునే వచ్చి, కొలత ప్రకారం మట్టి పని ముగించుకుని, ఎండ ముదరకముందే ఇంటికి పోవడం కూలీల అలవాటు. పని ముగిసినా రెండో ఫోటో కోసం ఎండలో ఉండాలి, లేదా ఇంటికెళ్ళి మళ్ళీ రావాలి. దేశమంతటా కూలీలు చెప్పిన ఫిర్యాదు ఇదే.

యాప్‌కి తెలిసింది రెండు క్షణాలు. మధ్యలో ఉన్న విశ్రాంతి గంట దానికి కనపడదు, చెట్టు నీడ ఉందా, నీళ్ళున్నాయా అన్నదీ కనపడదు. మోసం అరికట్టడానికి పెట్టిన యాప్ అది, దొంగ పేర్లు నిజంగానే ఉండేవి, కాదనను. కానీ ఒకే చట్టంలోని రెండు మాటల్లో, మనిషి వచ్చాడా అన్నదానికి ఫోటో దొరికింది, మనిషి సేద తీరాడా అన్నదానికి ఏదీ దొరకలేదు. ఏది కొలవాలో ఎంచుకునేది యంత్రం కాదు.

ఐదు నుంచి ఆరు

2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఫ్యాక్టరీల చట్టంలో మార్పులు చేయాలని నిర్ణయించింది. రోజు పని హద్దు తొమ్మిది నుంచి పది గంటలకి, మూడు నెలలకి ఓవర్‌టైం హద్దు 75 నుంచి 144 గంటలకి, విరామం లేకుండా వరస పని ఐదు గంటల నుంచి ఆరుకి. వారానికి నలభై ఎనిమిది గంటలు అలాగే ఉంటాయన్నారు. పెట్టుబడులు రావాలి, ఉద్యోగాలు రావాలి అన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. కార్మిక సంఘాలు వ్యతిరేకించాయి.

ఆరు అన్న అంకె కొత్తది కాదు. 1948 చట్టంలోనే 55వ సెక్షన్ రెండో భాగంలో ఉంది: అవసరమైతే ఫలానా ఫ్యాక్టరీకి మినహాయింపు ఇచ్చి ఆరు గంటల దాకా పోనివ్వవచ్చు, కారణం రాసి. ఇంకా వెనక్కి వెళ్తే 1922 చట్టంలో ఆరు గంటలకోసారి గంట విరామం అన్నదే మామూలు నిబంధన, కార్మికులు కోరితే ఐదు గంటలకోసారి అరగంట. అంటే నూరేళ్ళలో నియమం మినహాయింపు అయింది, ఆ మినహాయింపు మళ్ళీ నియమం అయింది. నా తెర మీద అది ఒక పెట్టెలో ఐదు చెరిపి ఆరు కొట్టడం. మార్చినవాళ్ళకి రెండు సెకన్ల పని. నానబెట్టిన తొట్టి దగ్గర నిలబడినవాళ్ళకి రోజూ ఒక గంట.

తలల లెక్క కూడా వెనక్కి నడిచింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చిన కొత్త కార్మిక కోడ్లలో, కరెంటుతో నడిచే ఫ్యాక్టరీ అనిపించుకోవాలంటే ఇరవై మంది ఉండాలి. 1922 నాటి అంకె. పదికీ ఇరవైకీ మధ్య ఉన్న మిల్లులు, వర్క్‌షాపులు, మరలు మా డెల్టా ఊళ్ళ నిండా ఉన్నాయి. వాళ్ళకి అరగంట దొరుకుతుందా అన్న ప్రశ్న ఇప్పుడు ఇంకో చట్టం పేజీలో వెతకాలి, ఆ పేజీ తిప్పి చూపించే మనిషి ఆ ఊళ్ళో ఉండాలి.

ఇదంతా చదివాక సాఫ్ట్‌వేర్ మీద కోపం రావచ్చు. నాకు పెద్దగా రాదు. చెరిపి రాసిన రిజిస్టర్లకంటే, ఎవరు ఎప్పుడు దిద్దారో కూడా గుర్తుంచుకునే యంత్రం మేలే. ఆ 11:02, 11:25 అన్న అసలు అంకెలు ఎక్కడో దాచి ఉండబట్టే కోర్టు దాకా వెళ్ళగలిగారు. నన్ను ఆలోచింపజేసేది ఒక్కటే. గోడ మీది నోటీసు తెలుగులో ఉండాలని 1948లో రాశారు, గేటు దాటే ఎవరైనా చదవొచ్చు. ఇప్పటి లెక్క ఆఫీసు గది కంప్యూటర్లో ఉంటుంది, పాస్‌వర్డ్ వెనక. లోఖండే అర్జీ మీద పేర్లు పెట్టిన ఐదు వేల అయిదు వందల మందికి తాము ఏం అడుగుతున్నారో తెలుసు. తన అరగంట ఈ రోజు ఎలా రాశారో బస్తాలు ఎత్తే మనిషి తన ఫోన్లో, తన భాషలో చూసుకోగలగాలి, తప్పుంటే తప్పు అని నొక్కగలగాలి, నొక్కినందుకు మర్నాడు పని పోకూడదు. మొదటి రెండిటికీ కోడ్ రాయడం ఒక వారం పని. మూడోదానికి కోడ్ లేదు. దానికి ఇప్పటికీ పెరంబూరు పద్ధతే దారి, నలుగురు కలిసి వెళ్ళి అడగడం.